తప్పు ఎవరిదీ కాని ప్రమాదం: శిక్ష లేకపోయినా పరిహారం ఉంది

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఒక జీపు వెళ్తోందనుకుందాం. డ్రైవరు మద్యం తాగలేదు. లైసెన్సు ఉంది, వేగం హద్దు దాటలేదు, టైర్లు అరిగిపోలేదు. ఉన్నట్టుండి ముందు టైరు పేలింది. బండి అదుపు తప్పి, రోడ్డు పక్కన నడిచి వెళ్తున్న మనిషిని కొట్టి బోల్తా పడింది. అతను అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. కాసేపట్లో పోగైన జనం నోట మూడు రకాల మాటలు వినిపిస్తాయి. ఆయుష్షు తీరింది, ఎవరు మాత్రం ఏం చేస్తారన్నది ఒకటి. నిండు ప్రాణం పోయింది కాబట్టి డ్రైవరును జైల్లో పెట్టాల్సిందేనన్నది రెండోది. డ్రైవరు తప్పేమీ లేదు కాబట్టి ఆ ఇంటివాళ్లకు అడిగే హక్కు లేదు, జాలిపడి ఎంతో కొంత చేతిలో పెడితే చాలన్నది మూడోది. ఈ మూడూ చట్టం ముందు నిలవవు.

కారణం ఒక్కటే. చట్టం ఒకే ప్రమాదాన్ని రెండు వేర్వేరు ప్రశ్నలతో చూస్తుంది. ఎవరినైనా శిక్షించాలా అన్నది మొదటిది. జరిగిన నష్టాన్ని ఎవరు భరించాలన్నది రెండోది. మొదటిదానికి జవాబు మనిషి ఉద్దేశంలోనూ, అతను తీసుకున్న జాగ్రత్తలోనూ ఉంటుంది. రెండోదానికి చాలా సందర్భాల్లో వాటితో పనే లేదు. రాయలసీమ పల్లెల్లో ప్రమాదం జరిగిన ప్రతిసారీ ఈ రెండింటినీ కలగలిపేస్తారు. దాని ఫలితంగా ఒకవైపు తప్పు చేయనివాళ్లు కేసుల్లో ఇరుక్కుంటారు, మరోవైపు హక్కుగా రావలసిన డబ్బు కుటుంబాలకు అందదు.

నేరం ఎక్కడ ఉండదు

శిక్ష సంగతి ముందు చూద్దాం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 18వ సెక్షన్ ఈ విషయానికే ఉంది. పాత శిక్షాస్మృతిలో ఇది 80వ సెక్షన్. అంకె మారింది గానీ సారం మారలేదు. చట్టబద్ధమైన పనిని, చట్టబద్ధమైన పద్ధతిలో, చట్టబద్ధమైన సాధనాలతో, తగిన జాగ్రత్త తీసుకుని చేస్తుండగా, చెడు ఉద్దేశం గానీ కీడు జరుగుతుందన్న ఎరుక గానీ లేకుండా, ప్రమాదవశాత్తూ జరిగింది నేరం కాదు. దీని కింద చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒకతను గొడ్డలితో పని చేస్తున్నాడు. గొడ్డలి పిడి నుంచి ఊడి ఎగిరి, పక్కన నిలబడ్డ మనిషికి తగిలింది, అతను చనిపోయాడు. పని చేసేవాడి జాగ్రత్తలో లోపం లేకపోతే అతనిది నేరం కాదు.

ఈ ఉదాహరణ 1860 నాటి శిక్షాస్మృతి నుంచి వస్తోంది. గొడ్డలి పట్టిన చేతులకు దీని అర్థం వెంటనే తెలుస్తుంది. పిడి బిగుతుగా ఉండడానికి చీల కొట్టాడా? వదులైందని నిన్ననే తెలిసి కూడా ఈరోజు అలాగే వాడాడా? దెబ్బ వేసే దిక్కులో పిల్లలు ఆడుకుంటుంటే ఆగాడా? తగిన జాగ్రత్త అన్న మాట వెనుక ఇన్ని ప్రశ్నలుంటాయి. చట్టం అసాధారణమైన జాగ్రత్త కోరదు. ఆ పని తెలిసిన మామూలు మనిషి పాటించేంత జాగ్రత్త చాలు. అదే సమయంలో, నాకు తెలియదు, అనుకోలేదు అన్నంత మాత్రాన వదిలిపెట్టదు.

కోర్టులు దీన్ని ఎలా చూశాయో చెప్పడానికి రెండు తీర్పులు పనికొస్తాయి. మొక్కజొన్న చేనుకు కాపలా ఉన్న ఒక రైతు రాత్రిపూట అలికిడి విని, ఎలుగుబంటి వచ్చిందనుకుని బాణం వేశాడు. అది అక్కడ దాక్కున్న మనిషికి తగిలి అతను చనిపోయాడు. 1978లో ఒడిశా హైకోర్టు ఆ రైతుకు రక్షణ ఇచ్చింది. అంతకు ముందు 1950లో అలహాబాదు హైకోర్టు ముందు మరో కేసు వచ్చింది. ఇద్దరు స్నేహితులు సరదాగా కుస్తీ పడుతుండగా ఒకరు కింద పడి, తలకు దెబ్బ తగిలి మరణించారు. రెండో వ్యక్తిని నేరస్తుడిగా చూడడానికి కోర్టు ఒప్పుకోలేదు.

ఆ కాపలా రైతే బాణానికి బదులు చేను చుట్టూ తీగ కట్టి కరెంటు పెట్టి ఉంటే కథ పూర్తిగా మారిపోయేది. నల్లమల, లంకమల, శేషాచలం అంచు గ్రామాల్లో అడవిపందుల బెడద ఎంతటిదో అక్కడ వేరుశనగ, మొక్కజొన్న వేసే ప్రతి రైతుకూ తెలుసు. ఒక్క రాత్రిలో పంటంతా పోతుంది. ఆ కడుపుమంట అర్థం చేసుకోదగినదే. కానీ లైను నుంచి నేరుగా తీగ లాగి కంచెకు కరెంటు ఇవ్వడం చట్టబద్ధమైన సాధనం కాదు. పక్క చేను కూలీ ఆ తీగ తగిలి చనిపోతే, మనిషిని చంపాలన్న ఉద్దేశం రైతుకు లేకపోయినా 18వ సెక్షన్ తలుపు మూసుకుపోయినట్టే. చీకట్లో ఆ దారిన మనుషులు నడుస్తారని అతనికి తెలుసా లేదా అన్నదాన్ని బట్టి కేసు నిర్లక్ష్యం దగ్గర ఆగవచ్చు, ఇంకా పైకీ పోవచ్చు.

నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు పడవచ్చు. పాత 304ఎ సెక్షన్ కింద ఇది రెండేళ్లే. వైద్యులకు మాత్రం రెండేళ్ల హద్దు అలాగే ఉంది. శిక్ష రెండున్నర రెట్లు పెరిగిన కొద్దీ, నిర్లక్ష్యం నిజంగా ఉందా లేదా అన్న పరిశీలన అంతే నిశితంగా జరగాలి. ఆ నేరం రుజువు చేయవలసిన బరువు పోలీసులదే. తనది మినహాయింపు కిందికి వస్తుందని చూపవలసిన బరువు, కొత్త సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ 108వ సెక్షన్ ప్రకారం, నిందితుడిది. అందుకే పేలిన టైరునూ ఊడిన చక్రాన్నీ తీసి పారేయకుండా, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు తనిఖీ చేసేదాకా ఉన్నవి ఉన్నట్టు ఉంచడం డ్రైవరుకు ప్రాణావసరం. ఆ నివేదికలో యాంత్రిక లోపం గురించి రాసే ఒకటి రెండు వాక్యాలే తర్వాత కోర్టులో అతన్ని కాపాడేవి.

నష్టం ఎవరి నెత్తిన పడాలి

పూర్వం ఇంగ్లండు కోర్టులు తప్పు లేనిచోట పరిహారం కూడా లేదన్నాయి. 1891 నాటి ఒక కేసులో, వేటలో పేల్చిన తుపాకి రవ్వ చెట్టుకు తగిలి మళ్లి, తోటి మనిషి కంట్లో దూరింది. కాల్చినవాడి నిర్లక్ష్యం లేదు కాబట్టి ఇవ్వవలసిందేమీ లేదని తేల్చారు. అయితే అదే దేశంలో 1868లో దీనికి ఎదురైన సూత్రం ఒకటి పుట్టింది. ఒక మిల్లు యజమాని తన నేలలో కట్టించుకున్న జలాశయం నీళ్లు, ఎవరికీ తెలియని పాత సొరంగాల గుండా పారి పొరుగువాడి బొగ్గు గనిని ముంచేశాయి. మిల్లు యజమాని తప్పు వెతికితే దొరకలేదు. అయినా కట్టవలసిందేనన్నారు. బయటపడితే కీడు చేసేదాన్ని తన లాభం కోసం తెచ్చిపెట్టుకున్నవాడే, అది చేసిన నష్టాన్నీ మోయాలి. మన సుప్రీంకోర్టు తర్వాతి కాలంలో దీన్ని చాలాసార్లు పట్టుకుంది. ఢిల్లీలో 1985 డిసెంబరులో జరిగిన ఓలియం వాయువు లీకు కేసులో 1986లో ఇచ్చిన తీర్పులో ఇంకా ముందుకు వెళ్లి, ప్రమాదకర పరిశ్రమలకు ఎలాంటి మినహాయింపులూ లేని సంపూర్ణ బాధ్యత ఉంటుందని చెప్పింది.

వాహనాల విషయంలో మాత్రం చాలాకాలం ఊగిసలాట నడిచింది. డ్రైవరు నిర్లక్ష్యం రుజువైతేనే చెల్లింపు అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. 1982లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, తప్పుతో నిమిత్తం లేకుండా మరణానికి 15 వేల రూపాయలు ఇవ్వాలంది. 1988 చట్టంలో అది 25 వేలు, 1994లో 50 వేలు అయింది. 2001లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు, పైన ఊహించుకున్న జీపు సంఘటన లాంటిదే. ముందు టైరు పేలి జీపు బోల్తా పడింది, పాదచారి మరణించాడు. నిర్లక్ష్యం లేదు కాబట్టి పరిహారమూ లేదని మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్, హైకోర్టు రెండూ కొట్టేశాయి. సుప్రీంకోర్టు ఆ 1868 సూత్రాన్నే వర్తింపజేసి, నిర్లక్ష్యం లేకపోయినా వాహన యజమాని, అతని తరఫున బీమా కంపెనీ చెల్లించాలంది. టైరు పేలడం దైవఘటన అన్న బీమా కంపెనీ వాదనను 2023లో బొంబాయి హైకోర్టు కూడా తోసిపుచ్చింది.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఈ రంగాన్ని మళ్లీ కదిపింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న 164వ సెక్షన్ ప్రకారం, వాహనం వల్ల మరణం సంభవిస్తే 5 లక్షలు, తీవ్ర గాయమైతే రెండున్నర లక్షలు. తప్పు ఎవరిదో చెప్పనక్కర్లేదు, రుజువు చేయనక్కర్లేదు. ఢీకొట్టి ఆగకుండా పోయిన బండి ఏదో తెలియకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. దీనికి కోర్టు మెట్లు ఎక్కనక్కర్లేదు. క్లెయిములను విచారించే రెవెన్యూ అధికారికి దరఖాస్తు చేసుకుంటే చాలు. ఇంత సులువైన దారి ఉందని పల్లెల్లో తెలిసినవాళ్లు తక్కువ.

ఇంతవరకు చదివితే చట్టం న్యాయంగానే ఉందనిపిస్తుంది. చిక్కు లెక్కల దగ్గర మొదలవుతుంది. నెలకు 12 వేలు సంపాదించే 35 ఏళ్ల కూలీ చనిపోయాడు, మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు అనుకుందాం. డ్రైవరు నిర్లక్ష్యం చూపి 166వ సెక్షన్ కింద అడిగితే, సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల్లో ఖరారు చేసిన లెక్క వర్తిస్తుంది. భవిష్యత్తులో పెరగబోయే ఆదాయానికి 40 శాతం కలిపితే నెలకు 16,800. సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 12,600. ఏడాదికి 1,51,200. దీన్ని హెచ్చవేసే గుణకం ఆ వయసుకు 16. మొత్తం 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు లాంటి పద్దులు దీనికి అదనం. తప్పు ప్రసక్తి లేని 164 దారిలో అదే కుటుంబానికి వచ్చేది 5 లక్షలు. పైగా ఆ 5 లక్షలకు ఒప్పుకుని తీసుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన క్లెయిము రద్దయిపోతుంది.

24 లక్షలకూ 5 లక్షలకూ మధ్య ఇంత అగాధం ఉన్నప్పుడు ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. ప్రతి ప్రమాదమూ కాగితం మీద నిర్లక్ష్యంగానే మారుతుంది. "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అన్న మాటలు ఎఫ్ఐఆర్లలో అచ్చు పోసినట్టు కనిపించడానికి ప్రధాన కారణం ఇదే. చనిపోయినవాడి భార్యకు ఆ వాక్యం అన్నం పెడుతుంది కాబట్టి రాసేవాళ్లను తప్పుపట్టడానికి మనసొప్పదు. కానీ అదే వాక్యం ఏ తప్పూ చేయని డ్రైవరును ఏళ్ల తరబడి కోర్టు వాయిదాలకు తిప్పుతుంది. అతనూ నెలజీతం మీద బతికే పేదవాడే. ఒక పేద కుటుంబం బతకడానికి మరో పేదవాడిని నేరస్తుడిగా రాయవలసి వస్తోందంటే, లోపం ఆ ఇద్దరిలోనూ లేదు, పరిహారాన్ని తప్పుతో ముడిపెట్టిన ఏర్పాటులో ఉంది. తప్పు లేని దారిలో వచ్చే మొత్తాన్ని బతకడానికి సరిపోయేంతగా పెంచితే ఈ ఒత్తిడి చాలా వరకు సడలుతుంది. 2018లో కేంద్రం పాత 163ఎ సెక్షన్ కింద ఇచ్చిన నోటిఫికేషనులో 5 లక్షలను ఏటా 5 శాతం పెంచే ఏర్పాటు ఉండేది. 164వ సెక్షన్ వచ్చాక మొత్తం మళ్లీ 5 లక్షల దగ్గరే నిలిచిపోయింది. ధరలు మాత్రం ఆగలేదు.

నేరం తేలడం వేరు, పరిహారం రావడం వేరు అన్నది పెద్ద ప్రమాదాల్లో మరింత అవసరమవుతుంది. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు శివారు చిన్నటేకూరు దగ్గర, రోడ్డు మీద పడి ఉన్న మోటారు సైకిలును తగిలిన ప్రైవేటు బస్సు కాలిపోయి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి ఘటనలో ఎవరి పాలు ఎంతో తేల్చడం దర్యాప్తు పని, అది ఏళ్లు పట్టవచ్చు. బస్సులో నిద్రపోతున్నవాడి తప్పు ఏ కోణంలోనూ ఉండదు. పలువురి తప్పు కలిసి ప్రమాదం జరిగినప్పుడు, బాధితుడు వాళ్లలో ఎవరి మీదనైనా మొత్తం పరిహారం కోసం వెళ్లవచ్చని, పంపకం వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది.

ఈ రక్షణలో చిల్లులు కూడా ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది ట్రాక్టరు ట్రాలీ. కలుపు తీతకూ, వేరుశనగ పీకడానికీ, టమోటా కోతకూ కూలీలను ట్రాలీల్లో తీసుకెళ్లడం అనంతపురం జిల్లాలో నిత్యం కనిపించే దృశ్యం. సరుకు వాహనంలో ఊరికే ఎక్కినవాళ్లకు బీమా కంపెనీ బాధ్యత లేదని 2003లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ట్రాలీ బోల్తా పడితే బీమా కంపెనీ ఈ తీర్పునే ముందు పెడుతుంది. అప్పుడు భారం ట్రాక్టరు యజమాని మీద పడుతుంది. ఆయనకు ఉన్న ఆస్తి చాలాసార్లు ఆ ట్రాక్టరే, దాని మీద కూడా అప్పు. పరిహారం ఇమ్మని ఉత్తర్వు వస్తుంది, డబ్బు రాదు. సొంత బండి మీద వెళ్తూ తనంతట తాను పడిపోయిన యజమానికి కూడా ఎదుటి పక్షం అంటూ ఉండదు కాబట్టి మామూలు థర్డ్ పార్టీ పాలసీ పనికిరాదు. అతని కోసం 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా తప్పనిసరి చేశారు. పాలసీ కట్టేటప్పుడు దాన్ని చేర్చారో లేదో చూసుకోవాలి.

గనిలో, ఫ్యాక్టరీలో

పని చేస్తుండగా జరిగే ప్రమాదాల విషయంలో మన చట్టం వందేళ్ల కిందటే తప్పు ప్రస్తావన మానేసింది. 1923 నాటి పరిహార చట్టం అడిగే ప్రశ్న ఒక్కటే, ప్రమాదం పని కారణంగా, పనిలో ఉండగా జరిగిందా అని. బేతంచర్ల, తాడిపత్రి నాపరాయి గనుల్లో పై అంచు నుంచి బండ జారిపడినా, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రం విరిగినా, యజమాని తప్పు లేదన్నది జవాబు కాదు. కార్మికుడు తాగి ఉన్నాడనీ, చెప్పిన జాగ్రత్తలు కావాలని పాటించలేదనీ యజమాని వాదించవచ్చు గానీ, మరణం లేదా శాశ్వత పూర్తి వైకల్యం సంభవిస్తే ఆ వాదనలూ చెల్లవు.

మొత్తం ఎంతో చట్టంలోనే ఉంది. 2020 నుంచి నెల జీతాన్ని గరిష్ఠంగా 15 వేలుగా లెక్కిస్తున్నారు. అందులో సగం, అంటే 7,500ను వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చవేయాలి. 35 ఏళ్ల మనిషికి గుణకం 197.06. పరిహారం 14,77,950 రూపాయలు. ఈ చట్టం ఇప్పుడు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. మూల సూత్రం అలాగే ఉంది.

ఇక పెద్దమనుషుల పంచాయితీ సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే ఎక్కువ అన్యాయం జరిగేది అక్కడే. గనిలో మనిషి చనిపోతే, శవం ఇంకా ఆస్పత్రిలో ఉండగానే మాటలు మొదలవుతాయి. దుఃఖంలో ఉన్న తల్లి, భార్య చేత తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించి, రెండు మూడు లక్షలతో వ్యవహారం ముగిసిందనిపిస్తారు. మస్టరులో, అంటే హాజరు పట్టీలో, అతని పేరే లేదంటారు, కాంట్రాక్టరు మనిషి, మాకు సంబంధం లేదంటారు. చట్టం వీటన్నిటికీ జవాబు చెప్పి పెట్టింది. మరణ పరిహారాన్ని చట్టం ఇందుకోసం నియమించిన అధికారి దగ్గర డిపాజిట్ చేయాలి. నేరుగా కుటుంబం చేతిలో పెట్టిన డబ్బు పరిహారం కింద జమ కాదు, మూడు నెలల జీతం మేరకు ఇచ్చిన అడ్వాన్సును మాత్రమే మినహాయించుకోవచ్చు. పరిహారం హక్కును వదులుకుంటున్నామని రాసిచ్చిన ఒప్పందం చెల్లదు. కాంట్రాక్టరు ద్వారా పని చేయించుకున్న అసలు యజమాని కూడా బాధ్యుడే. అంటే ఆ వేలిముద్ర తర్వాత కూడా కుటుంబం కార్మిక శాఖ అధికారి దగ్గరకు వెళ్లవచ్చు. ఒడిశా నుంచో ఛత్తీస్‌గఢ్ నుంచో వచ్చిన కూలీ కుటుంబానికి ఈ మాట చెప్పేవాళ్లు ఉండరు. శవంతోపాటు వాళ్లూ ఊరు వెళ్లిపోతారు.

కడప జిల్లా కలసపాడు మండలం మామిళ్లపల్లె ముగ్గురాయి గని దగ్గర 2021 మే 8న పేలుడు పదార్థాలు దించుతుండగా జరిగిన విస్ఫోటంలో పది మంది ముక్కలైపోయారు. అక్కడ నిబంధనలు పాటించారా లేదా అన్నది నేర విచారణకు సంబంధించింది. ఒకవేళ అన్నీ సక్రమంగా పాటించి ఉన్నా ఆ కుటుంబాల హక్కులో ఒక్క రూపాయి కూడా తగ్గేది కాదు. పేలుడు పదార్థం లాంటి వస్తువును వాడి లాభం గడించేవాడు నేను జాగ్రత్తగానే ఉన్నానని చెప్పి తప్పుకోలేడు. జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా 2010 నాటి తన చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం తప్పుతో నిమిత్తం లేని ఈ సూత్రాన్నే పాటించాలి.

తీగ, రైలు, వరద

తెగిపడిన కరెంటు తీగ కేసులు కూడా ఈ కోవలోవే. మధ్యప్రదేశ్‌లో వాన కురిసిన రాత్రి సైకిలు మీద ఇంటికి వెళ్తున్న కార్మికుడు, రోడ్డు మీద పడి ఉన్న తీగ తగిలి చనిపోయాడు. కరెంటు దొంగిలించడానికి ఎవరో లైనుకు తీగ తగిలించడం వల్లే అది జారిపడిందని, తమ తప్పు లేదని విద్యుత్ బోర్డు వాదించింది. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదన వినలేదు. అంతటి ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేస్తున్నవారు, బయటివాడి చేష్ట వల్ల జరిగిందన్నా తప్పించుకోలేరని తేల్చింది. పొలాల మీదుగా వేలాడే తీగలున్న ప్రతి ఊరికీ ఈ తీర్పు పనికొస్తుంది.

రైలుకు సొంత చట్టం ఉంది. గుంతకల్లు జంక్షన్‌లో కదులుతున్న రైలు ఎక్కబోతూ జారిపడినా, కిక్కిరిసిన పెట్టె తలుపు దగ్గర నుంచి పడిపోయినా, 1989 రైల్వే చట్టం 124ఎ సెక్షన్ కింద మరణానికి 8 లక్షలు రావాలి. రైల్వే తప్పు చూపనక్కర్లేదు, ప్రయాణికుడి అజాగ్రత్త అడ్డు కాదు. ఆత్మహత్య, మద్యం మత్తు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. శవం దగ్గర టికెట్టు దొరకనంత మాత్రాన ప్రయాణికుడు కాదనడానికి వీల్లేదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

వరదల దగ్గరకు వచ్చేసరికి అందరూ దేవుడి మీద వేస్తారు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తినప్పుడూ, 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర అన్నమయ్య ఆనకట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడ్డప్పుడూ, ఇది ప్రకృతి చేసిందా, మనుషులు చేసిందా అన్న వాదన గట్టిగానే నడిచింది. చట్టంలో దైవఘటన అన్న మినహాయింపు నిజంగానే ఉంది. దాని హద్దు మాత్రం చాలా ఇరుకు. మనిషి చేయి ఏమాత్రం లేకుండా, మనిషి ముందుచూపుకు అందకుండా జరిగిందై ఉండాలి. గుజరాత్‌లో డ్యాం నుంచి వదిలిన నీళ్లు ఒక తోటను నాశనం చేసినప్పుడు, భారీ వర్షం దైవఘటన అన్న ప్రభుత్వ వాదనను 2016లో సుప్రీంకోర్టు తిరస్కరించింది. వాన దేవుడిది కావచ్చు, నీళ్లు నిలవచేసినదీ గేట్లు ఎత్తినదీ మనుషులే కదా.

ఎవరి చట్టంలోనూ లేని ప్రమాదాలు

వాహనం, పని, కరెంటు, రైలు. వీటి వెనుక ఒక యజమాని, ఒక సంస్థ, ఒక బీమా ఉన్నాయి కాబట్టి తప్పు లేకపోయినా నష్టం మోసే భుజం ఒకటి దొరికింది. ఏ సంస్థా లేనిచోట పాత సూత్రమే మిగిలింది. చింతచెట్టు ఎక్కి కాయలు దులుపుతూ జారిపడినవాడు, కల్లంలో పాము కాటేసినవాడు, పక్కింటి పిల్లవాడు విసిరిన రాయి తగిలి చూపు పోయిన పిల్లవాడు ఎవరి నిర్లక్ష్యమూ చూపలేకపోతే ఎవరినీ అడగలేరు. ఆస్పత్రిలో అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా మత్తుమందు వికటించి చనిపోయినవారి కుటుంబానిదీ ఇదే స్థితి. డాక్టరు మీద నేరం మోపడానికి తీవ్రమైన నిర్లక్ష్యం కావాలని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది, అది సరైనదే. అయితే డాక్టరు నిర్దోషి అయినప్పుడు ఆ కుటుంబానికి వేరే దారి చూపే చట్టం మనకు లేదు. న్యూజిలాండ్ 1974 నుంచే ఈ ముడి విప్పింది. అక్కడ ఎలాంటి ప్రమాదంలో గాయపడినా, తప్పు ఎవరిదని అడగకుండా ప్రజానిధి నుంచి వైద్యం ఖర్చూ, కోల్పోయిన ఆదాయంలో అధిక భాగమూ ఇస్తారు. బదులుగా కోర్టుకు వెళ్లి నష్టపరిహారం అడిగే హక్కు చాలా వరకు ఉండదు. మనలాంటి పెద్ద దేశానికి అది యథాతథంగా కుదరకపోవచ్చు గానీ, కనీసం వైద్య ప్రమాదాలకూ పొలం పనుల ప్రమాదాలకూ ఇలాంటి నిధి ఒకటి ఉండాలి. ఏ యజమాని కింద నమోదు కాని రైతుకూ, సొంత చేలో పని చేసుకునే ఆడవాళ్లకూ పని ప్రమాద చట్టం వర్తించకపోవడం ఈ జిల్లాల్లో చిన్న విషయం కాదు.

అలాంటి నిధి లేనంతకాలం ఉన్నదాన్ని వాడుకోవడమే. ప్రధానమంత్రి సురక్షా బీమా పథకంలో ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి పోతాయి, 18 నుంచి 70 ఏళ్ల మధ్య వయసువాళ్లకు ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. ఇందులోనూ ఎవరి తప్పు అన్న ప్రశ్న లేదు. రోడ్డు, రైలు ప్రమాదాలకూ నీట మునిగిన ఘటనలకూ పోలీసు నివేదిక ఉండాలి. పాము కాటు, చెట్టు మీద నుంచి పడడం లాంటి వాటికి వెంటనే చేరిన ఆస్పత్రి రికార్డు కావాలి. చాలా క్లెయిములు చిక్కుకుపోయేది ఈ రికార్డు దగ్గరే. పాము కాటుకు గురైన మనిషిని మంత్రం వేసే వాళ్ల దగ్గరకు తిప్పి, ప్రాణం పోయాక నేరుగా శ్మశానానికి తీసుకెళ్తే ఏ కాగితమూ మిగలదు. పోలీసులకు చెప్పి శవపంచనామా, శవపరీక్ష చేయించడం ఆ సమయంలో కుటుంబానికి భరించలేని మాటగా తోస్తుంది. కానీ మరణానికి కారణం రాసి ఉన్న ఆ రెండు కాగితాలు లేకుండా బ్యాంకు గానీ, బీమా కంపెనీ గానీ, తహసీల్దారు కార్యాలయం గానీ ఆ దరఖాస్తును ముందుకు కదల్చవు. మోటారు వాహనాల ట్రిబ్యునల్‌లోనైతే ఆరు నెలల గడువు కూడా ఉంది. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ గడువు న్యాయసమ్మతమేనా అన్న సవాళ్లు సుప్రీంకోర్టులో ఉన్నాయి. అవి తేలేవరకు ఆరు నెలల లోపే క్లెయిము వేయడం మంచిది.